యుద్ధానికి అనుమతి ఎవరివ్వాలి: 1973 నాటి అమెరికా చట్టం ఎందుకు అధ్యక్షులను ఆపలేకపోతోంది

అమెరికా కాంగ్రెస్ చివరిసారిగా లాంఛనప్రాయంగా యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. ఆ తరువాత అమెరికా సైన్యం కొరియాలో, వియత్నాంలో, గ్రెనడాలో, పనామాలో, కొసావోలో, అఫ్ఘానిస్థాన్‌లో, ఇరాక్‌లో, లిబియాలో, సిరియాలో పోరాడింది. వీటిలో కొన్నింటికి కాంగ్రెస్ వేరే రూపంలో అనుమతినిచ్చింది, కొన్నింటికి అసలు ఇవ్వలేదు, మరికొన్నింటికి ఇచ్చిందో లేదో న్యాయనిపుణులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అధ్యక్షుడు తనంతట తాను దేశాన్ని యుద్ధంలోకి దింపకుండా అడ్డుకోవడానికే ప్రత్యేకంగా చేసిన చట్టం ఒకటి 1973 నుంచి అమలులో ఉంది. అయినా పరిస్థితి ఇలా ఎందుకున్నదన్నది తెలుసుకోవాలంటే ఆ చట్టం ఎలా పుట్టిందో, దానికి ఎక్కడెక్కడ గండి పడిందో వరుసగా చూడాలి. ముందే ఒక మాట చెప్పాలి: రాజ్యాంగం ప్రకారం యుద్ధం మొదలుపెట్టదలచినవారు చట్టసభలో మెజారిటీ కూడగట్టుకోవాలి. ఇప్పుడు మాత్రం యుద్ధాన్ని ఆపదలచినవారు రెండు సభలలోనూ మూడింట రెండు వంతుల మద్దతు కూడగట్టుకోవలసి వస్తోంది. ఈ వ్యాసంలోని వివరాలన్నీ ఆ భారం ఒకరి భుజం నుంచి మరొకరి భుజానికి ఎలా మారిందన్న కథే.

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ రచనకు కూర్చున్నవారి ముందు ఉన్న ముసాయిదా, యుద్ధం చేసే అధికారాన్ని చట్టసభకే అప్పగించింది. ఆగస్టు 17న చర్చ జరిగినప్పుడు దక్షిణ కరోలినా ప్రతినిధి పియర్స్ బట్లర్ ఆ అధికారం అధ్యక్షుడికి ఇస్తే బాగుంటుందన్నాడు. యుద్ధం ప్రకటించే అధికారాన్ని ఒక్క కార్యనిర్వాహకుడికి అప్పగించాలన్న ప్రతిపాదన ఒక గణతంత్ర రాజ్యంలో వినవలసి వస్తుందని తాను ఎన్నడూ అనుకోలేదని మసాచుసెట్స్‌కు చెందిన ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ వెంటనే బదులిచ్చాడు. చివరకు గెర్రీ, జేమ్స్ మాడిసన్ కలిసి ‘యుద్ధం చేసే’ అన్న మాటను ‘యుద్ధం ప్రకటించే’ అని మార్పించారు. ఆకస్మికంగా శత్రువు దాడి చేస్తే చట్టసభ సమావేశమయ్యే దాకా ఆగకుండా తిప్పికొట్టే వెసులుబాటు అధ్యక్షుడికి ఉండాలన్నదే ఆ మార్పుకు వారు చెప్పిన కారణం. అంతకుమించిన అధికారం ఏదీ అధ్యక్షుడికి ఇచ్చినట్టు ఆనాటి చర్చలో కనబడదు. అధ్యక్షుడు సర్వసేనాధిపతి అని రాజ్యాంగం రెండవ అధికరణం చెబుతుంది. సైన్యాన్ని సమకూర్చడం, దానికి డబ్బు ఇవ్వడం, యుద్ధం ప్రకటించడం మొదటి అధికరణం కింద కాంగ్రెస్ పనులు. సైన్యానికి ఇచ్చే కేటాయింపు రెండేళ్లకు మించి ఉండరాదని కూడా అందులోనే రాసుకున్నారు. ఏ సేనాధిపతీ శాశ్వతంగా నిధులు చేతిలో పెట్టుకుని కూర్చోకూడదన్న జాగ్రత్త అది. కార్యనిర్వాహక శాఖకే యుద్ధం మీద ఆసక్తి ఎక్కువ కాబట్టి రాజ్యాంగం ఆ నిర్ణయాన్ని బాగా ఆలోచించి చట్టసభకు అప్పగించిందని మాడిసన్ 1798లో థామస్ జెఫర్సన్‌కు రాసిన లేఖలో వివరించాడు.

ఈ కట్టుబాటు గట్టిగా సడలింది 1950లో. ఉత్తర కొరియా సేనలు దక్షిణ కొరియాలోకి చొరబడ్డాక అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్ ఓటు కోరకుండానే బలగాలను పంపాడు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తీర్మానం చాలునన్నాడు, దానిని పోలీసు చర్యగా అభివర్ణించడానికి ఒప్పుకున్నాడు. ఆ పోలీసు చర్య మూడేళ్లు సాగి 36,000 మందికి పైగా అమెరికన్ల ప్రాణాలు తీసింది. వియత్నాం విషయంలో కాంగ్రెస్ ఓటు అయితే వేసింది గాని, దేనికి వేస్తున్నదో తెలుసుకుని వేయలేదు. 1964 ఆగస్టు 2, 4 తేదీలలో టోంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద దాడులు జరిగాయని ప్రభుత్వం చెప్పింది. రెండవ దాడి అసలు జరగలేదని తరువాత తేలింది. ఈలోగా, ఆగస్టు 7ననే, అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చని అధ్యక్షుడు జాన్సన్‌కు అనుమతినిస్తూ తీర్మానం ఆమోదం పొందింది. ప్రతినిధుల సభలో వ్యతిరేకంగా ఒక్క ఓటు కూడా పడలేదు. సెనేట్‌లో వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్ అనే ఇద్దరే కాదన్నారు. 58,000 మందికి పైగా అమెరికా సైనికులు, లెక్కకు అందనంతమంది వియత్నాం ప్రజలు చనిపోయిన యుద్ధానికి చట్టపరమైన పునాది అదే. కాంగ్రెస్ 1971 జనవరిలో ఆ తీర్మానాన్ని రద్దు చేసినా యుద్ధం ఆగలేదు, సర్వసేనాధిపతిగా తనకున్న అధికారం చాలునని నిక్సన్ ప్రభుత్వం వాదించింది. 1969 మార్చి నుంచి 14 నెలల పాటు కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయించి, ఆ సంగతి బయటపడకుండా తప్పుడు రికార్డులు రాయించారన్న నిజం 1973 వేసవిలో వెలుగులోకి వచ్చాక కాంగ్రెస్ సహనం పూర్తిగా నశించింది.

యుద్ధాధికారాల తీర్మానం అని పేరున్న చట్టం ఆ సంవత్సరమే వచ్చింది. సెనేట్‌లో న్యూయార్క్ రిపబ్లికన్ జేకబ్ జావిట్స్, ప్రతినిధుల సభలో విస్కాన్సిన్ డెమొక్రాట్ క్లెమెంట్ జబ్లాకీ దానికి ప్రధాన కర్తలు. అక్టోబరు 24న నిక్సన్ దానిని వీటో చేశాడు, నవంబరు 7న రెండు సభలూ ఆ వీటోను తోసిపుచ్చాయి: ప్రతినిధుల సభలో 284–135, సెనేట్‌లో 75–18. వాటర్‌గేట్ వ్యవహారంలో తనను విచారిస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను నిక్సన్ తొలగింపజేసినది ఆ వీటోకు సరిగ్గా నాలుగు రోజుల ముందు. అధ్యక్షుడు అంతగా బలహీనపడి ఉండకపోతే మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చేవి కావేమో.

చట్టంలోని ఏర్పాటు చూడటానికి తేలికైనదే. బలగాలను సాయుధ ఘర్షణలోకి దింపేముందు అధ్యక్షుడు వీలైన ప్రతి సందర్భంలోనూ కాంగ్రెస్‌ను సంప్రదించాలి. దింపిన 48 గంటలలోగా రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక ఇచ్చిన నాటి నుంచి, లేదా ఇవ్వవలసిన నాటి నుంచి, 60 రోజులలోగా కాంగ్రెస్ అనుమతి రాకపోతే పోరాటం ఆపేయాలి. బలగాలను క్షేమంగా వెనక్కి తేవడానికి మరో 30 రోజులు తీసుకోవచ్చు. ఈలోగా కాంగ్రెస్ ఎప్పుడైనా సరే, అధ్యక్షుడి సంతకంతో పనిలేని తీర్మానం ఒకటి రెండు సభలలో సాధారణ మెజారిటీతో ఆమోదించి బలగాలను వెనక్కి రప్పించవచ్చు. నిక్సన్‌ను మించి ఈ చట్టాన్ని నిశితంగా విమర్శించినవాడు యుద్ధ వ్యతిరేకి అయిన సెనేటర్ థామస్ ఈగల్టన్. రాజ్యాంగం అధ్యక్షుడికి ఇవ్వని అధికారాన్ని, అంటే 60 నుంచి 90 రోజుల వరకు తన ఇష్టప్రకారం యుద్ధం చేసుకునే వీలును, ఈ చట్టం చేతులారా ఇస్తున్నదని చెప్పి ఆయన వ్యతిరేకంగా ఓటు వేశాడు. తరువాతి యాభై ఏళ్లు ఆయన భయాన్ని చాలావరకు నిజం చేశాయి. పనామా దండయాత్ర అయినా, 2025 జూన్‌లో ఇరాన్ అణుకేంద్రాల మీద జరిగిన దాడి అయినా 60 రోజుల గడువు దరిదాపులకు కూడా రాకముందే ముగిశాయి.

మొదటి గండి నివేదికల దగ్గరే పడింది. చట్టంలో మూడు రకాల నివేదికలున్నాయి: సాయుధ ఘర్షణలోకి లేదా అది తప్పదనిపించే పరిస్థితిలోకి బలగాలను దింపినప్పుడు ఇచ్చేది ఒకటి, యుద్ధసామగ్రితో పరాయి దేశంలోకి పంపినప్పుడు ఇచ్చేది మరొకటి, అప్పటికే ఉన్న బలగాలను గణనీయంగా పెంచినప్పుడు ఇచ్చేది ఇంకొకటి. 60 రోజుల గడియారం మొదటి రకం నివేదికతోనే మొదలవుతుంది. అందువల్ల అధ్యక్షులు తమ లేఖలలో ఏ రకం నివేదిక ఇస్తున్నామో చెప్పరు. ‘ఈ చట్టాన్ని అనుసరించి’ అని కూడా రాయరు, ‘ఈ చట్టానికి అనుగుణంగా’ సమాచారం ఇస్తున్నామని మాత్రమే రాస్తారు. మొదటి రకమని స్పష్టంగా పేర్కొన్న లేఖ 1975 మేలో కంబోడియా పట్టుకున్న మాయాగ్వేజ్ నౌకను విడిపించే ప్రయత్నం గురించి జెరాల్డ్ ఫోర్డ్ రాసినదే. ఆ లేఖ చేరేసరికి ఆ ప్రయత్నం దాదాపు ముగిసింది కాబట్టి గడియారం మొదలైనా ఆపవలసిన పని ఏమీ మిగలలేదు.

రెండవ గండి పడింది యుద్ధంతో ఏ సంబంధమూ లేని ఒక విద్యార్థి కేసు వల్ల. కెన్యాలో పుట్టిన భారత సంతతి యువకుడు జగదీష్ రాయ్ చద్దా, బ్రిటిష్ పాస్‌పోర్టుతో, విద్యార్థి వీసా మీద అమెరికా వచ్చి చదువుకున్నాడు. వీసా గడువు 1972లో ముగిసింది. తిరిగి వెళ్లడానికి అటు కెన్యా గాని ఇటు బ్రిటన్ గాని దారి సుగమం చేయకపోవడంతో వలస న్యాయమూర్తి అతని మీద దయదలచి దేశబహిష్కరణను నిలిపివేశాడు. ఆనాటి చట్టం ప్రకారం అలాంటి ఉత్తర్వును కాంగ్రెస్‌లోని ఏ ఒక్క సభ అయినా కొట్టివేయవచ్చు. 1975 డిసెంబరులో ప్రతినిధుల సభ వందలాది పేర్ల జాబితాలోంచి ఆరుగురిని ఏరి, వారిలో చద్దాను కూడా చేర్చి, అతనిని పంపించేయాలని తీర్మానించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1983 జూన్ 23న కోర్టు 7–2 తేడాతో చద్దా పక్షాన తీర్పునిచ్చింది: రెండు సభల ఆమోదం పొంది అధ్యక్షుడి సంతకానికి వెళితే తప్ప ఏ తీర్మానమూ చట్టపరంగా ఎవరినీ కట్టడి చేయజాలదు. తీర్పుతో విభేదించిన జస్టిస్ బైరన్ వైట్, దీనితో దాదాపు 200 చట్ట నిబంధనలు ఒక్క దెబ్బకు కూలిపోతాయని హెచ్చరించాడు. ఆయన జాబితాలో యుద్ధాధికారాల తీర్మానం కూడా ఉంది.

చద్దాకు న్యాయం జరిగింది, అందులో సందేహం లేదు. కాని ఆ తీర్పు పర్యవసానం యుద్ధాల విషయంలో ఎంత పెద్దదో కూడిక, తీసివేతలతోనే అర్థమవుతుంది. ఇప్పుడు బలగాలను వెనక్కి పిలవాలంటే అధ్యక్షుడి సంతకానికి వెళ్లే తీర్మానమే చేయాలి. యుద్ధం చేస్తున్న అధ్యక్షుడు దానిని వీటో చేస్తాడు. వీటోను దాటాలంటే రెండు సభలలోనూ మూడింట రెండు వంతులు కావాలి. అంటే ఒక సభలో మూడవ వంతు కంటే ఒక్కరు ఎక్కువగా అధ్యక్షుడి వెంట ఉంటే చాలు, యుద్ధం సాగుతుంది. 2019లో యెమెన్ యుద్ధంలో సౌదీ కూటమికి ఇస్తున్న సహాయాన్ని ఆపాలని సెనేట్ 54–46తో, ప్రతినిధుల సభ 247–175తో తీర్మానించాయి. ఏప్రిల్ 16న ట్రంప్ వీటో చేశాడు, దానిని తోసిపుచ్చడానికి సెనేట్‌లో 53 ఓట్లే వచ్చాయి. మరుసటి ఏడాది ఇరాన్ సేనాని ఖాసిం సులేమానీ హత్య తరువాత ఇరాన్‌తో పోరు ఆపాలన్న తీర్మానానికీ అదే గతి పట్టింది. రెండు సభలలో మెజారిటీ వద్దన్న యుద్ధం కూడా సాగుతుందన్నమాట. ఫిలడెల్ఫియాలో కూర్చున్నవారు ఊహించిన దానికి ఇది పూర్తిగా తలకిందులు.

మూడవ గండి ఇంకా సూక్ష్మమైనది. సాయుధ ఘర్షణ అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. 2011 మార్చి 19న లిబియా మీద మొదలైన వైమానిక దాడులకు మే 20తో గడువు ముగిసింది, దాడులు మాత్రం ఆగలేదు. గడువు దాటాక ఇది చట్టం చెప్పే ఘర్షణ కిందికే వస్తుందని న్యాయశాఖలోని న్యాయసలహా విభాగం, రక్షణశాఖ న్యాయవాదులు అభిప్రాయపడ్డారు. అయినా ఒబామా వారి మాట పక్కనబెట్టి, విదేశాంగశాఖ న్యాయసలహాదారు హెరాల్డ్ కో వాదనను ఎంచుకున్నాడు: నేల మీద అమెరికా సైనికులు లేరు, అమెరికన్లెవరూ చనిపోలేదు, పోరు విస్తరించే ప్రమాదం తక్కువ, కాబట్టి ఇది ఘర్షణ కాదు. యుద్ధాధికారాల మీద పాఠాలు చెప్పి, పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న ఆచార్యుడే ఈ వాదన చేయడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ఆ వాదన ప్రకారం అవతలివారు ఎంతమంది చచ్చినా, ఇవతల ఎవరికీ దెబ్బ తగలనంతకాలం అది ఘర్షణ కాదు. దూరం నుంచి క్షిపణులు, డ్రోన్లు ప్రయోగించగల దేశానికి ఇంతకంటే పెద్ద మినహాయింపు అక్కరలేదు. 2025 సెప్టెంబరు నుంచి కరీబియన్ సముద్రంలో మాదకద్రవ్యాలు తరలిస్తున్నాయంటూ పడవల మీద జరిపిన ప్రాణాంతక దాడులకు 60 రోజులు నిండినప్పుడు, వేరే పార్టీ ప్రభుత్వం కూడా అదే తరహా వాదనను బయటికి తీసింది.

ఇన్ని ఉల్లంఘనలు జరుగుతుంటే న్యాయస్థానాలు ఏం చేస్తున్నాయన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. సభ్యులు కోర్టుకు వెళ్లిన ప్రతిసారీ, ముందు మీ సభలో మెజారిటీ చూపించి రండి అన్న అర్థంలోనే సమాధానం వచ్చింది. 1990లో గల్ఫ్ యుద్ధానికి ముందు రాన్ డెలమ్స్ తదితరులు వేసిన కేసులో న్యాయమూర్తి, యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దేనన్న సూత్రాన్ని ఒప్పుకుంటూనే, సభలో మెజారిటీ ఆ మాట అనలేదు కాబట్టి కేసు విచారణకు పక్వం కాలేదన్నాడు. అలా మెజారిటీ నోరు విప్పవలసి వచ్చిన రోజు 1999 ఏప్రిల్ 28. కొసావో విషయంలో యుగోస్లావియా మీద బాంబు దాడులు మొదలై నెల దాటిన సమయమది. ప్రతినిధుల సభ ఆ ఒక్క రోజే బలగాలను ఉపసంహరించాలా అని ఓటేసి 139–290తో వద్దంది. యుద్ధం ప్రకటించాలా అని ఓటేసి 2–427తో వద్దంది. వైమానిక దాడులకు అనుమతినివ్వాలా అని ఓటేస్తే 213–213తో సరిసమానమై అదీ వీగిపోయింది. ఆపమనలేదు, చేయమనలేదు, సరేననలేదు. కొన్ని వారాల తరువాత అదే కాంగ్రెస్ ఆ యుద్ధానికి నిధులు మంజూరు చేసింది. నిధులివ్వడమే అనుమతి అని క్లింటన్ ప్రభుత్వ న్యాయవాదులు తేల్చారు, నిధుల కేటాయింపు నుంచి అనుమతిని ఊహించుకోరాదని 1973 చట్టం ఎనిమిదవ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నా సరే. మొత్తం 78 రోజులు సాగాక దాడులు ముగిశాయి. టామ్ క్యాంప్‌బెల్, మరికొందరు సభ్యులు వేసిన కేసును దావా వేసే అర్హత లేదంటూ అప్పీలు కోర్టు కొట్టేసింది.

ఇక్కడే కాంగ్రెస్ పాపం కూడా ఉంది, దానిని దాచి లాభం లేదు. యుద్ధం మీద ఓటు వేయడం సభ్యులకు గిట్టుబాటు కాదు. ఔనన్న యుద్ధం బెడిసికొడితే ఎన్నికలలో జవాబు చెప్పుకోవాలి, కాదన్న యుద్ధం గెలిస్తే దేశద్రోహి అనిపించుకోవాలి. అధ్యక్షుడే చేసుకుపోతే ఎటు తిరిగినా విమర్శించే స్వేచ్ఛ మిగులుతుంది. అనుమతి ఇవ్వక తప్పనప్పుడు కూడా హద్దులు గీయడం మానేస్తారు. 2001 సెప్టెంబరు 14న ఆమోదం పొందిన అనుమతిలో అసలు వాక్యం ఇంగ్లీషులో 60 పదాలు. అందులో దేశం పేరు లేదు, కాలపరిమితి లేదు. సెప్టెంబరు 11 దాడులకు కారకులను, వారికి ఆశ్రయమిచ్చినవారిని శిక్షించడానికి ఇచ్చిన ఆ అనుమతిని తరువాత వచ్చిన ప్రభుత్వాలు వారి అనుబంధ బలగాలకు, ఆ దాడులనాటికి పుట్టనైనా పుట్టని ఇస్లామిక్ స్టేట్‌కు వర్తింపజేశాయి. ఇది అంతులేని యుద్ధానికి ఖాళీ చెక్కు అవుతుందని ఆనాడే గుర్తించి, రెండు సభలలోనూ వ్యతిరేకంగా ఓటు వేసిన ఏకైక వ్యక్తి కాలిఫోర్నియా ప్రతినిధి బార్బరా లీ.

అధ్యక్షుల పక్షాన చెప్పే వాదనలో కొంత బలం ఉంది. క్షిపణులు నిమిషాల వ్యవధిలో దూసుకువచ్చే కాలంలో 535 మంది సభ్యులను కూర్చోబెట్టి చర్చించడం కుదరదని, 60 రోజులు ఓపికపడితే చాలునని శత్రువుకు ముందే చెప్పినట్టవుతుందని వారంటారు. జాతీయ ప్రయోజనం ఉండి, పోరు స్వభావం, విస్తృతి, వ్యవధి పరిమితంగా ఉంటే అది రాజ్యాంగం చెప్పే యుద్ధమే కాదని న్యాయశాఖ దశాబ్దాలుగా సలహా ఇస్తోంది. మీద పడుతున్న దాడిని తిప్పికొట్టే విషయంలో మొదటి వాదన నిజమే, అందుకు 1787లోనే వీలు కల్పించారు కూడా. కాని లిబియా గాని, కొసావో గాని, యెమెన్ గాని అమెరికా మీద దాడి చేయలేదు. ఆ యుద్ధాలకు ముందు వారాల తరబడి దౌత్యం, సన్నాహాలు, మిత్రదేశాలతో మంతనాలు జరిగాయి. మిత్రదేశాలతో మాట్లాడటానికి దొరికిన సమయం సొంత చట్టసభతో మాట్లాడటానికి దొరకలేదనడం నమ్మశక్యంగా లేదు.

వేరే దేశాలలో ఈ సమస్యను వేరుగా పరిష్కరించుకున్నారు. జర్మనీలో రాజ్యాంగ న్యాయస్థానం 1994లో ఇచ్చిన తీర్పు, 2005లో చేసిన చట్టం ప్రకారం సైన్యాన్ని విదేశాలలో సాయుధ చర్యలకు పంపాలంటే పార్లమెంటు ముందస్తు ఆమోదం కావాలి, ఇచ్చిన ఆమోదాన్ని పార్లమెంటు వెనక్కి తీసుకోవచ్చు కూడా. బ్రిటన్‌లో చట్టమేదీ లేదు, ఆనవాయితీ మాత్రమే ఉంది. 2013లో సిరియా మీద దాడిని కామన్స్ సభ 285–272తో తిరస్కరిస్తే ప్రధాని కామెరాన్ తలవంచాడు, 2018లో థెరిసా మే ఓటు అడగకుండానే దాడి చేయించింది. మన రాజ్యాంగం యుద్ధం, శాంతి అన్న అంశాన్ని కేంద్ర జాబితాలో చేర్చి, త్రివిధ దళాల అత్యున్నత ఆధిపత్యాన్ని చట్టానికి లోబడి రాష్ట్రపతికి అప్పగించింది. అయితే యుద్ధానికి ముందు పార్లమెంటు ఓటు తప్పనిసరి అని ఎక్కడా చెప్పలేదు. యుద్ధ కారణంగా అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే నెలలోగా పార్లమెంటు ఆమోదం పొందాలన్న నిబంధన ఉంది గాని, అది అత్యవసర పరిస్థితికి సంబంధించినది, యుద్ధానికి కాదు. మన దగ్గర ఈ చర్చ జరగవలసినంతగా జరగలేదని నా నమ్మకం.

అమెరికాలో సంస్కరణ కోరేవారికి దారి కనబడకపోలేదు. సెనేటర్లు క్రిస్ మర్ఫీ, మైక్ లీ, బెర్నీ సాండర్స్, అంటే రాజకీయంగా మూడు దిక్కుల మనుషులు, 2021 జులైలో కలిసి ఒక బిల్లు ప్రవేశపెట్టారు. సాయుధ ఘర్షణ అంటే ఏమిటో అది నిర్వచిస్తుంది. 60 రోజుల గడువును 20కి కుదిస్తుంది. ఇచ్చే ప్రతి అనుమతికీ కాలపరిమితి పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, గడువులోగా అనుమతి రాకపోతే ఆ చర్యకు నిధులు వాటంతటవే ఆగిపోతాయి. ఈ చివరి అంశం నాకు మిగతావాటన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే అది కాంగ్రెస్ మౌనానికి అర్థం మారుస్తుంది. ఈనాడు కాంగ్రెస్ ఏమీ అనకపోతే యుద్ధం సాగుతుంది. ఆ బిల్లు చట్టమైతే, ఏమీ అనకపోతే యుద్ధం ఆగుతుంది. మెజారిటీని వెతుక్కోవలసిన భారం మళ్లీ యుద్ధం కోరేవారి మీద పడుతుంది.

ఆ బిల్లు ముందుకు సాగలేదు. తన అధికారాన్ని కోసివేసే చట్టం మీద ఏ అధ్యక్షుడూ ఇష్టపడి సంతకం పెట్టడు, వీటోను దాటే బలం 1973 నవంబరు లాంటి అరుదైన ఘడియలలోనే దొరుకుతుంది. అయితే అదే 1973లో, నవంబరుకు ఐదు నెలల ముందు, ఆ బలం లేకుండానే కాంగ్రెస్ పని సాధించుకున్న సందర్భం ఒకటుంది. కంబోడియా మీద బాంబు దాడులకు నిధులు ఆపే నిబంధనను జూన్‌లో ఒక వ్యయ బిల్లుకు జతచేసి పంపితే నిక్సన్ 27వ తేదీన వీటో చేశాడు. దానిని తోసిపుచ్చే ఓట్లు ప్రతినిధుల సభలో రాలేదు. అయితే జూన్ 30తో ఆర్థిక సంవత్సరం ముగుస్తోంది, కొత్త నిధుల బిల్లు లేకపోతే ప్రభుత్వమే నడవదు. అదే నిబంధనను ఆ బిల్లులకు కూడా తగిలిస్తామని సభ్యులు పట్టుబట్టారు. వీటోను దాటడానికి మూడింట రెండు వంతులు కావాలి గాని, బిల్లును ఆపి కూర్చోవడానికి సాధారణ మెజారిటీ చాలు. నిక్సన్ దిగివచ్చి ఆరు వారాల గడువు అడిగాడు, జులై 1న సంతకం పెట్టాడు. ఒప్పుకున్న ప్రకారం 1973 ఆగస్టు 15న కంబోడియా మీద అమెరికా బాంబు దాడులు నిలిచిపోయాయి.